మా ఆయన సంతకం లేకపోతే అబార్షన్ చేయరా డాక్టర్?

ప్రశ్న: నా వయసు 27. బాబుకు పది నెలలు, సిజేరియన్ అయింది. మా వారు దుబాయ్‌లో ఉంటారు, ఈమధ్యే సెలవు మీద వచ్చి వెళ్లారు. బాబుకు పాలిస్తున్నాను, నెలసరి ఇంకా మొదలవలేదు కాబట్టి గర్భం రాదనుకున్నాను. వాంతులవుతుంటే స్కాన్ తీయించుకున్నా, ఏడు వారాలన్నారు. ఇప్పుడప్పుడే ఇంకో బిడ్డను మోసే ఓపిక నాకు లేదు. నర్సింగ్ హోమ్‌కి వెళ్తే భర్త సంతకం పెడితేనే చేస్తామన్నారు. ఆయన ఫోన్‌లో ‘నేను ఒప్పుకోను’ అంటున్నారు. అత్తమ్మ మహాపాపం అంటోంది. పక్కింటావిడ మెడికల్ షాపులో మాత్రలు తెప్పిస్తానంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, జగిత్యాల జిల్లా

జవాబు: ముందు ఆ మాత్రల సంగతి. డాక్టర్ చూడకుండా వాటిని వేసుకోకండమ్మా. మాత్రలు చెడ్డవని కాదు, తొమ్మిది వారాల లోపు మేమూ అవే ఇస్తాం. కానీ మీకు సిజేరియన్ అయి పది నెలలే. గర్భం సరైన చోట ఉందా, పాత కుట్టు మీద గానీ ట్యూబులో గానీ నిలిచిందా అన్నది స్కాన్ రిపోర్టులో చూడాలి. రక్తం ఎంత ఉందో, గ్రూపు ఏమిటో తెలియాలి. ఒకసారి తెల్లవారుజామున ఒకమ్మాయిని ఆటోలో మా ఆసుపత్రికి తెచ్చారు. కాగితంలో చుట్టిచ్చిన మాత్రలు వేసుకుందట. గర్భం ట్యూబులో ఉంది, అది పగిలి కడుపంతా రక్తం. ఆటో సీటు మీద పరిచిన తువ్వాలు తడిసి ముద్దయింది. ఆపరేషన్ చేసి బతికించాం. ఆమె కూడా ఇంట్లో గొడవెందుకని ఎవరికీ చెప్పకుండా మాత్రలు వేసుకున్న మనిషే.

ఇక సంతకం. 1971లో వచ్చిన ఎంటీపీ చట్టం (డాక్టర్ల చేత గర్భం తీయించుకోవడానికి సంబంధించిన చట్టం) ప్రకారం గర్భం తీయడానికి కావలసింది గర్భవతి సమ్మతి. పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయికి, మానసిక అనారోగ్యం ఉన్నవారికి మాత్రం సంరక్షకుల సంతకం అడుగుతారు. ఆ సమ్మతి పత్రాన్ని ఫారం-సి అంటారు. మీరే ఒకసారి అడిగి చూడండి. ‘ఫలానా వారి కూతుర్ని లేదా ఫలానా ఆయన భార్యను, నా వయసు ఇంత, నా గర్భం తీయడానికి సమ్మతిస్తున్నాను’ అని నాలుగు ముక్కలు, కింద మీ సంతకం. భర్త పేరు రాయడానికి ఖాళీ ఉంటుంది కానీ ఆయన సంతకానికి చోటే లేదు.

మరి ఆసుపత్రుల్లో ఎందుకడుగుతారు? రేపు ఆయన వచ్చి గొడవ పెడతాడని భయం. ఆ భయం నాకూ తెలుసు, కానీ దాని బరువు మీ మీద వేయడం తప్పు. తన అనుమతి లేకుండా అబార్షన్ చేశారని ఒక భర్త భార్య మీద, డాక్టర్ల మీద నష్టపరిహారం దావా వేశాడు. పంజాబ్-హర్యానా హైకోర్టు 2011లో అతని వాదన కొట్టేసింది, 2017లో సుప్రీంకోర్టు కూడా అందులో జోక్యం చేసుకోలేదు. అయితే ఒక మాట దాచకూడదు. వైద్య కారణం లేకుండా, లేదా భర్తకు తెలియకుండా, ఆయన సమ్మతి లేకుండా చేయించుకుంటే విడాకుల కేసులో అది మానసిక క్రూరత్వం కిందికి రావచ్చని 2007లో సుప్రీంకోర్టే ఒక తీర్పులో అంది. అందుకే ఆయనకు చెప్పండి, దాచకండి. చెప్పడం వేరు, అనుమతి అడగడం వేరు. మీకు వైద్య కారణం ఉంది కూడా: ఒక కాన్పు తర్వాత మళ్లీ గర్భానికి కనీసం రెండేళ్లు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కుట్టు ఇంకా గట్టిపడాలి.

పాపం అన్న మాట మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతోందని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. కడుపులో పడ్డ క్షణం నుంచే ప్రాణమని నమ్మేవాళ్లు ఉన్నారు. మీ అత్తమ్మ నమ్మకాన్ని నేను తక్కువ చేయను. కానీ ఒకటి ఆలోచించండి. కన్నకొడుక్కి రక్తం కావాల్సి వచ్చినా, తండ్రి ఇవ్వనంటే అతని చేయి పట్టుకుని సూది గుచ్చే అధికారం ఏ డాక్టర్‌కీ లేదు. తొమ్మిది నెలలు మోసి, మళ్లీ కోత పెట్టించుకుని కనాల్సిన శరీరం మీది. ఆ శరీరం గురించి మీకంటే ముందు ఇంకొకరు మాట చెప్పడం నాకు న్యాయంగా తోచదు. బిడ్డల్ని కనాలా వద్దా అన్నది స్త్రీ వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని 2009లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లికాని స్త్రీలకూ 24 వారాల వెసులుబాటు వర్తిస్తుందని 2022 సెప్టెంబర్ 29న తీర్పిచ్చింది. అలాగని ఇది హద్దుల్లేని హక్కు కాదు. 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం చాలు, 24 దాకా కొన్ని పరిస్థితుల్లో ఇద్దరిది కావాలి. 2023 అక్టోబర్‌లో 26 వారాలు దాటిన ఒక తల్లికి సుప్రీంకోర్టు అనుమతి ఇవ్వలేదు. మన చట్టంలో తుదిమాట ఇప్పటికీ డాక్టర్‌దే, నాకు ఇది లోపంగానే కనిపిస్తుంది.

ఇదే న్యాయం అటువైపూ వర్తించాలి. ఒకామెను అత్తగారు తీసుకొచ్చి ‘తీసేయండి డాక్టరమ్మా’ అంది. నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ అత్తగారే జవాబు. ఆ పిల్ల తల వంచుకుని కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. పెద్దావిడను బయట కూర్చోబెట్టి తలుపేస్తే, ‘నాకు కావాలి మేడమ్’ అంది. అంతే, ఆ రోజు నేను చేసిందల్లా ఐరన్ మాత్రలు రాసివ్వడం. మీరు కూడా డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడండి. అక్కడ మీ మనసు మారితే మారనివ్వండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఈ వారంలోనే స్కాన్ రిపోర్టు తీసుకుని ప్రభుత్వ ఆసుపత్రి గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. నెలసరి రాలేదు కాబట్టి తేదీలు లెక్కపెట్టలేం, స్కాన్ చెప్పిన వారాలే లెక్క. తొమ్మిది దాటితే మాత్రలకు బదులు, మత్తిచ్చి సక్షన్ (గొట్టంతో పీల్చి తీయడం) చేయాల్సి రావచ్చు. మీ వివరాలు బయటపెట్టిన డాక్టర్‌కు ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు, ఆ భయం పెట్టుకోకండి. మాత్రలిస్తే మొదటిది వేసుకున్న ఒకటి రెండు రోజులకు రెండో మందు ఇస్తారు, అప్పుడు కడుపునొప్పి, రక్తస్రావం మామూలే. గంటకు రెండు ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు తడిసినా, జ్వరం వచ్చినా, కళ్లు తిరిగినా ఆసుపత్రికి వెళ్లిపోండి. బాబుకు పాలు మాన్పించాల్సిన అవసరం సాధారణంగా రాదు.

పాలిస్తుంటే గర్భం రాదన్న మాట మొదటి ఆరు నెలలకే, అదీ బిడ్డకు తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టనప్పుడే. మీ వారు మళ్లీ సెలవు మీద వచ్చేలోపు కాపర్-టీ గురించి అడగండి. ఒకవేళ ఉంచుకోవాలనే అనుకుంటే, పాత కుట్టు ఉంది కాబట్టి చెకప్‌లు తప్పించకండి, కాన్పు ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రిలోనే పెట్టుకోండి.