మోకాళ్ళ నొప్పులకు ఆక్యుపంక్చర్, చైనా మూలికల కషాయం కలిపి మొదలుపెట్టవచ్చా?

అమ్మగారికి ఆరేళ్ళుగా మోకాలి కీళ్ళ అరుగుదల అనీ, వారానికి రెండుసార్లు సూదులు, రోజూ రెండు పూటలా మూలికల కషాయం చెప్పారనీ, రెండూ ఒకేసారి మొదలుపెట్టవచ్చా అనీ అడిగారు. నాకు మోకాళ్ళ గోల లేదు. నాది తల. పదకొండేళ్ళ మైగ్రేన్. అయితే మీకు చెప్పిన ఈ రెండు వైద్యాలూ నేను చేయించుకున్నాను, ఒకే గదిలో, ఒకే మనిషి దగ్గర. అందుకే రెండూ ఒకటే వైద్యం అనుకున్నాను. ఆ పొరపాటు ఎక్కడిదాకా తీసుకెళ్ళిందో చెబుతాను.

అప్పట్లో నెలకు ఎనిమిది తొమ్మిది రోజులు మంచం మీదే గడిచేవి. ఎడమ కన్ను వెనకాల ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టు మొదలయ్యేది. వెలుతురు పడదు, చప్పుడు పడదు, కడుపులో ఏదీ నిలవదు. ఇంకో బాధ ఏమిటంటే తలనొప్పిని ఎవరూ జబ్బుగా లెక్కచేయరు. కాలికి కట్టు కట్టుకుని వస్తే లేచి కుర్చీ ఇస్తారు. తలనొప్పి అని సెలవు అడిగితే మాత్రం "ఫోన్ చూడటం తగ్గించండి" అంటారు. ఈ మాట నాకు ఎంతమంది చెప్పారో లెక్క రాసి ఉంటే ఈపాటికి ఒక పుస్తకం అయ్యేది.

మా అక్క పోరు పడలేక వెళ్ళాను. ఆవిడ (సూదుల డాక్టరు గారు) ముందు నాలుక చూశారు. రెండు చేతుల మణికట్ల మీదా మూడేసి వేళ్ళు ఆనించి చాలాసేపు నాడి చూశారు. తర్వాత ప్రశ్నలు. నొప్పి ఏ వైపు మొదలవుతుంది, ఏ వేళకి, రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తుంది, చెమట పడుతుందా, చల్లటి గాలి తగిలితే హాయిగా ఉంటుందా చిరాకుగా ఉంటుందా... దగ్గర దగ్గర గంట. పదకొండేళ్ళలో నన్ను ఇన్ని ప్రశ్నలు అడిగిన డాక్టరు లేరు. మామూలుగా అయితే టోకెన్ తీసుకుని రెండు గంటలు కూర్చుంటే నాలుగు నిమిషాలు దొరుకుతాయి. అందులో రెండు నిమిషాలు ఆయన కంప్యూటర్ వైపే చూస్తారు. నేను సగం ఆ ప్రశ్నలకే పడిపోయాను, దాచడం ఎందుకు.

సూది అంటే ఇంజెక్షన్ సూదిలా ఉంటుందనుకుని బిగుసుకుపోయి కూర్చున్నాను. తీరా చూస్తే పావు మిల్లీమీటరు మందం, మూడు నాలుగు వెంట్రుకలు కలిపినంత లావు అంతే. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి వేలితో టక్కున తడతారు. దిగినట్టే తెలియదు. అసలు సంగతి ఆ తర్వాత మొదలవుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో దించిన సూదిని ఆవిడ మెల్లగా అటూ ఇటూ తిప్పారు. మంట కాదు, పోటు కాదు. లోపలి నుంచి ఎవరో బొటనవేలితో అదిమి పట్టుకున్నట్టు ఒక బరువు, మోచేతి దాకా లాగింది. "వచ్చిందా?" అని అడిగారు. వచ్చిందన్నాను. దాన్ని చైనా వాళ్ళు 'డె చి' అంటారట. అది వస్తేనే సూది సరైన చోట పడ్డట్టు లెక్క. గర్భిణులకు ఆ చోట సూది వేయరని కూడా అప్పుడే చెప్పారు.

లైటు ఆర్పేసి వెళ్ళిపోయారు. చేతులకు, కాళ్ళకు, కణతలకు కలిపి పద్నాలుగు సూదులు. సరిగ్గా అప్పుడే ముక్కు దురద. చెయ్యెత్తలేను, పిలవడానికి మొహమాటం. పక్క గదిలో ఎవరిదో ఫోన్ ఆగకుండా మోగుతోంది. ఆ దురదను పదిహేను నిమిషాలు భరించాక ఏమైందో తెలియదు, నిద్రపట్టేసింది. ఆవిడ వచ్చి సూదులు తీస్తుంటే మెలకువ వచ్చింది. పట్టపగలు, మాత్ర వేసుకోకుండా నేను అలా నిద్రపోయి ఎన్నేళ్ళయిందో!

ఆరు వారాల్లో పది సిట్టింగులు. డైరీలో గీతలు గీసుకుంటూ వచ్చాను. నెలకు తొమ్మిది గీతలు ఉండేవి, నాలుగుకి వచ్చాయి. పోలేదు, తగ్గాయి. నా మటుకు అది చాలు.

ఇక్కడ మీ అమ్మగారి మోకాళ్ళ మాట. జర్మనీలో మోకాలి కీళ్ళ అరుగుదల ఉన్న వెయ్యిమందికి పైగా రోగుల మీద పెద్ద పరీక్ష ఒకటి చేసి 2006లో ఫలితాలు ప్రకటించారు. చైనా పద్ధతిలో సరైన చోట్ల సూదులు వేయించుకున్న వాళ్ళలో 53 శాతం మందికి గుణం కనిపించింది. కావాలనే సంబంధం లేని చోట్ల పైపైన సూదులు గుచ్చిన వాళ్ళలో 51 శాతం. సూదులే లేకుండా డాక్టరు సలహాలు, ఫిజియోథెరపీ, మాత్రలతో నడిచిన వాళ్ళలో 29 శాతం. ఈ అంకెలు చూసి సూదుల్ని నమ్మని వాళ్ళు "చూశారా, ఎక్కడ గుచ్చినా ఒకటే, అంతా భ్రమ" అంటారు. నమ్మేవాళ్ళు "చూశారా, మాత్రల కంటే మేలు" అంటారు. నన్నడిగితే ఇద్దరిదీ నిజమే. సూది ఏ నాడి మీద పడిందన్నది అంత ముఖ్యం కాదని నా నమ్మకం. ఒక మనిషి మీ బాధ గంటసేపు వినడం, చీకటి గదిలో కదలకుండా పడుకోబెట్టడం, వారానికి రెండుసార్లు ఎవరో మీకోసం ఎదురుచూడటం, మందు అదే. నిరూపించమంటే నా దగ్గర డైరీ తప్ప ఇంకేం లేదు.

బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ ఉంది. మైగ్రేన్‌కు ముందు వాడే మందులు పడకపోతే 10 సిట్టింగుల దాకా ఆక్యుపంక్చర్ చేయించి చూడవచ్చని 2012లో రాసింది. అదే సంస్థ కీళ్ళ అరుగుదలకు ఆక్యుపంక్చర్ వద్దని 2022లో రాసింది. అంటే అధికారికంగా నా తలకు సూది సరే, మీ అమ్మగారి మోకాలికి కాదు. నేనైతే ఈ ఒక్క విషయంలో ఆ సంస్థ మాట వినను. ఒక్కసారి వాడి పారేసే కొత్త సూదులు వాడుతూ, ఛాతీ మీద, భుజాల దగ్గర లోతుగా గుచ్చకుండా ఉంటే (అక్కడ తప్పు పడితే ఊపిరితిత్తికి చిల్లు పడుతుంది) పది సిట్టింగులు చూడటంలో నష్టం లేదనేది నా అభిప్రాయం. పదికి గుణం కనిపించకపోతే పదకొండోది వద్దు. "ఇంకో పది చేయించుకుంటే పూర్తిగా పోతుంది" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇక కషాయం.

నాలుగో సిట్టింగు రోజున ఆవిడ కాగితపు పొట్లాలు ఇచ్చారు. రోజుకో పొట్లం. అరగంట నీళ్ళలో నానబెట్టి, మట్టికుండలో మరిగించి, వడకట్టి, మళ్ళీ నీళ్ళు పోసి రెండోసారి మరిగించి, రెండూ కలిపి పొద్దున సగం, రాత్రి సగం. ఇల్లంతా తడిసిన చెక్క, మట్టి కలిసిన వాసన. రుచి గురించి చెప్పను, చివర్లో మాత్రం నాలుక మీద కొంచెం తీపి మిగిలేది. "ఇందులో ఏముందండీ?" అని అడిగితే "అన్నీ మూలికలే, సైడ్ ఎఫెక్టులు ఉండవు" అన్నారు. నేను ఇంకో ప్రశ్న వేయలేదు. సూదులు పనిచేశాయి కదా, ఆవిడ చెప్పింది వేదం.

తొమ్మిది వారాలు తాగాను. ఏడో వారం నుంచి సాయంత్రానికి పాదాలు వాచేవి, చెప్పుల పట్టీ అచ్చు పడేది. అర్ధరాత్రి పిక్కలు పట్టేసి అరుపుతో లేచేవాణ్ణి. అలసట అనుకున్నాను. ఒకరోజు మెట్లెక్కుతుంటే నాలుగో మెట్టు మీద తొడల్లో సత్తువ ఒక్కసారిగా జారిపోయింది. కూర్చుండిపోయాను. లేద్దామంటే కాళ్ళు నావి కావు. మా అక్క ఎవరినో సాయం పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

బీపీ 172/104. అంతకుముందు నాకు బీపీ లేదు. రక్తపరీక్షలో పొటాషియం 2.6. మూడున్నర అయినా ఉండాలట. డ్యూటీ డాక్టరు చిన్నవాడు, ఓపికమంతుడు. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అన్నాడు. లేదన్నాను. ఈసీజీ చూసి వచ్చి మళ్ళీ అడిగాడు. లేదన్నాను. ఎందుకు దాచానంటే, అంతకుముందు ఒక పెద్ద డాక్టరుతో ఆక్యుపంక్చర్ అంటే పక్కనున్న జూనియర్లు వినేలా నవ్వాడు. ఆ నవ్వు మళ్ళీ పడటం ఇష్టం లేక. రోగులు దాస్తారని విసుక్కునే డాక్టర్లు, ఆ దాపరికం మాకు ఎక్కడ అలవాటైందో ఒక్కసారి ఆలోచిస్తే బాగుండు.

మూడోసారి కూడా నోరు తెరిచాను, లేదనడానికే. మా అక్క అడ్డుపడింది. "రోజూ కుండలో ఏదో కాచుకుని తాగుతున్నాడండీ" అంది. సంచీలోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. ఆయన నవ్వలేదు. పొట్లం విప్పి, తెల్ల కాగితం మీద పోసి, పెన్ను కొసతో ఒక్కొక్కటే విడదీశాడు. నల్లటి ముక్కలు, బెరడు తునకలు, ఎండిన పువ్వులు. వాటి మధ్య ఏటవాలుగా కోసిన పసుపుపచ్చ పుల్లలు, బోలెడు. మా అక్క ఒకటి తీసి కొరికింది. "తియ్యగా ఉంది, అతిమధురం" అంది. ఆయన పెన్ను పక్కన పెట్టి "దొరికింది" అన్నాడు.

అతిమధురం! చిన్నప్పటి నుంచి దగ్గుకు చప్పరించిన పుల్ల. దాన్ని చైనా వాళ్ళు గాన్‌త్సావో అంటారు. మిగతా మూలికల పొగరు అణచి అన్నిటినీ కలిపి ఉంచుతుందని వాళ్ళ కషాయాల్లో చాలావాటిలో వేస్తారు. కొంచెం అయితే ఏం కాదు. వారాల తరబడి ఎక్కువ మోతాదులో లోపలికి పోతే అందులోని గ్లిసిరైజిన్ ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతుంది, పొటాషియాన్ని మూత్రంలో బయటికి తోసేస్తుంది. నా వాచిన పాదాలు, పిక్కలు, బీపీ, మెట్ల మీద కూలబడటం, అన్నిటికీ ఆ తియ్యటి పుల్లే కారణం. కషాయం ఆపి, సెలైన్‌లో పొటాషియం ఎక్కించి, మాత్రలు మింగించారు. బీపీ దారికి రావడానికి దాదాపు నెల పట్టింది.

ఆవిడ మీద నాకు కోపం లేదా అంటే ఉంది. మూలికల వల్ల కాదు, "సైడ్ ఎఫెక్టులు ఉండవు" అన్నందుకు. పనిచేసే గుణం ఉన్న ఏ మందుకైనా చెడగొట్టే గుణమూ ఉంటుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి వాడిన మూలికల మాత్రల్లో ఫాంగ్‌చీ బదులు గ్వాంగ్ ఫాంగ్‌చీ కలిసింది. పేర్లు దగ్గర, మొక్కలు వేరు. రెండో దాంట్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. వందమందికి పైగా ఆడవాళ్ళకు కిడ్నీలు పాడయ్యాయి, కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. అదీ 'ప్రకృతే'.

ఇది చెబితే చాలు, "మరి చైనా మూలికకు నోబెల్ రాలేదా?" అని ఫార్వర్డులు పంపుతారు. వచ్చింది. చైనా శాస్త్రవేత్త తు యూయూ గారికి 2015లో. నాలుగో శతాబ్దం నాటి వైద్య గ్రంథంలో, చింగ్‌హావో అనే మొక్కను నీళ్ళలో నానబెట్టి పిండి రసం తాగమని ఉన్న మాట ఆవిడ కంట పడింది. మరిగించమని లేదు. వేడికి గుణం పోతోందేమోనని తక్కువ వేడిలో సారం తీసి, జంతువుల మీద చూసి, తన ఒంటి మీదే పరీక్షించుకుని, మలేరియా మందు ఆర్టెమిసినిన్ బయటికి తెచ్చారు. పొట్లంలోంచి ఒక్క పదార్థాన్ని విడదీసి, ఎంత వేయాలో తేల్చారు. నా కుండలో ఏముందో నాకే తెలియదు, ఆవిడ నోబెల్‌ను నా కుండకు ఎలా అంటిస్తారు?

సూదులతో మత్తు లేకుండా ఆపరేషన్ చేశారనే ఇంకో కథ కూడా తిరుగుతుంది. 1971లో బీజింగ్‌లో జేమ్స్ రెస్టన్ అనే అమెరికా విలేఖరికి అపెండిక్స్ తీశారు, నిజమే. ఆపరేషన్ మామూలు మత్తు ఇంజెక్షన్‌తోనే చేశారు. సూదులు వేసింది ఆ తర్వాత, కడుపు ఉబ్బరానికి. ఆయన రాసింది అంతే, మిగతాదంతా మన వాట్సాప్ కల్పన.

నేను ఇప్పటికీ సూదులకు వెళ్తాను, వేరే ఆయన దగ్గరికి. నెలకోసారి. పొట్లాలు ఇస్తానంటే వద్దంటాను.

ఇంత రాశాక మీ ప్రశ్న మళ్ళీ చదివాను. చివరి వాక్యం నేను సరిగ్గా చూడనే లేదు. అమ్మగారికి గుండె వాల్వు మార్చారనీ, రక్తం పల్చబడే మాత్ర వాడుతున్నారనీ రాశారు. మాత్ర పేరు రాయలేదు. వార్ఫరిన్ అయితే, చైనా కషాయాల్లో తరచుగా కనిపించే డాన్‌షెన్, డాంగ్‌గుయ్ అనే వేర్లు దాని బలాన్ని పెంచి రక్తస్రావం దాకా తీసుకెళ్ళగలవు. కషాయం పొట్లం విప్పకండి. మాత్ర మాత్రం ఒక్క పూట కూడా ఆపకండి. మాత్ర డబ్బా, పొట్లం రెండూ ఒకే సంచీలో వేసుకుని రేపే ఆ గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళండి, రక్తం ఎంత పల్చగా ఉందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష ఎప్పుడు చేయించారో ఆ కాగితం కూడా పట్టుకెళ్ళండి. పల్చటి రక్తానికి సూది గుచ్చినా కమిలిపోతుంది కాబట్టి సూదుల సంగతీ ఆయన్నే అడగండి. ఆయన నవ్వితే నవ్వనివ్వండి.