ఎక్కాలు వచ్చినా భాగహారం ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: మా పాప నాలుగో తరగతి చదువుతోంది. పన్నెండో ఎక్కం దాకా తడుముకోకుండా అప్పజెబుతుంది. కానీ "42 లడ్డూలను ఆరుగురికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని?" అని అడిగితే గుణించాలో భాగించాలో తెలియక నా ముఖం చూస్తుంది. వస్తువులను వరుసలుగా పేర్చి నేర్పితే అర్థమవుతుందని కొందరు అంటున్నారు. ఎలా మొదలుపెట్టాలి? ఎక్కాలు మాన్పించాలా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ఎక్కాలు మాన్పించనక్కరలేదు, అవి ఆమెకు జీవితమంతా పనికొస్తాయి. అయితే "ఆరేడ్లు నలభై రెండు" అన్న మాట నోటికి వచ్చినంత మాత్రాన, ఆరు వరుసల్లో ఏడేసి వస్తువులు బారులు తీరిన రూపం మనసులో పడినట్లు కాదు. ఆ రూపం లేనందువల్లనే లెక్కను మాటల్లో చెప్పేసరికి మీ పాపకు పట్టు దొరకడం లేదు.

42 చింతపిక్కలు తీసుకుని నేల మీద కూర్చోండి. సుద్దముక్కతో ఆరు అడ్డుగీతలు గీసి, ఒక్కో గీత ఒక్కో మనిషి అని చెప్పి, పిక్కలను పాప చేతనే పంచించండి. మొదటి విడతలో ఆరుగురికీ ఒక్కొక్కటి పెట్టగానే పైనుంచి కిందికి ఒక నిలువు వరుస ఏర్పడుతుంది. రెండో విడతకు దాని పక్కనే ఇంకొకటి వస్తుంది. చేతిలో పిక్కలు అయిపోయేసరికి ఏడు నిలువు వరుసలు నిలుస్తాయి, అంటే ఒక్కొక్కరికీ ఏడు వచ్చాయి. ఇప్పుడు పిక్కలు కదపకుండానే, "ఆరేసి చొప్పున పొట్లాలు కడితే ఎన్ని పొట్లాలవుతాయి?" అని అడగండి. ఒక్కో నిలువు వరుసా ఒక పొట్లమే కనుక జవాబు మళ్ళీ ఏడే. సమానంగా పంచడం, జట్లుగా విడదీయడం అనే భాగహారపు రెండు అర్థాలూ ఒకే అమరికలో ఉన్నాయని పిల్లలు తమ కళ్ళతో చూడటం చాలా ముఖ్యం. ఈ దశను తొందరపడి దాటించవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను.

మరునాడు 44 పిక్కలు ఇవ్వండి. చివర మిగిలిన రెండూ మరో నిలువు వరుసకు చాలవు, అదే శేషం. అది భాజకం (భాగించే సంఖ్య) కంటే ఎప్పుడూ ఎందుకు తక్కువగా ఉంటుందో అక్కడ మీరు వివరించే పని కూడా ఉండదు.

30 గుడ్లు పట్టే అట్టను అటూ ఇటూ తిప్పి చూపితే అయిదు ఆరులూ, ఆరు అయిదులూ ఒకటేనని తెలుస్తుంది.

ఏడెనిమిదుల వంటి కష్టమైన ఎక్కానికి గళ్ళ నోటుపుస్తకంలో ఏడు వరుసలు, వరుసకు ఎనిమిది గళ్ళు గీసి, అయిదో వరుస కింద పుల్ల పెట్టండి. పైన 40, కింద 16, మొత్తం 56. ఇది కొత్త పద్ధతేమీ కాదు: భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతిలో 135ను 12తో గుణించడానికి 12ను 8, 4గా విడగొట్టే మార్గం ఉంది, 1080కి 540 కలిపితే 1620.

పిక్కల దగ్గరే ఆగిపోకూడదు. పిక్కల తర్వాత గళ్ళు, గళ్ళ తర్వాత భుజాల మీద అంకెలు మాత్రమే వేసిన ఖాళీ దీర్ఘచతురస్రం రావాలి. 23ను 14తో గుణించాలంటే 23ను 20, 3గా, 14ను 10, 4గా విడగొట్టి ఆ దీర్ఘచతురస్రాన్ని నాలుగు గదులు చేస్తే 200, 30, 80, 12 వస్తాయి, కలిపితే 322.

పది రోజుల తర్వాత మళ్ళీ ఆ 42 పిక్కలే ఆరు వరుసలుగా పేర్చి, "దీని మీద ఒక గుణకారం లెక్క, రెండు భాగహారం లెక్కలు నువ్వే తయారుచేసి నన్ను అడుగు" అని పాపతో చెప్పండి.