మగవాళ్ళకి డెక్సా స్కాన్ ఎందుకు అంటే…

"మా నాన్నకి 64, నడుం నొప్పని వెళ్తే డెక్సా స్కాన్ రాశారు, ఎముకలు గుల్లబారడం ఆడవాళ్ళకి కదా, డబ్బులు గుంజడానికేనా?" అని ఒకరు అడిగారు. కాదండీ, చేయించండి. డెక్సా అంటే ఎముక ఎంత గట్టిగా ఉందో ఎక్స్‌రేతో కొలిచే పరీక్ష. దగ్గుకి వెళ్ళినా చాంతాడంత పరీక్షల లిస్టు రాసే రోజులివి, మీ అనుమానంలో తప్పులేదు, కానీ ఇది మాత్రం పనికొచ్చేదే.

మా పెదనాన్న గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేశాడు. అన్నదమ్ముల్లో ఆయనే పొడుగు. పని మానేశాక ఒక పెళ్ళి ఫోటోలో చూస్తే మా నాన్న భుజం దగ్గరికి వచ్చాడు. వయసైపోయింది, వంగిపోయాడులే అని నవ్వేశారు అందరూ. తర్వాత ఒకరోజు పొద్దున్నే ఇంటి ముందు టీవీఎస్ ఫిఫ్టీకి స్టాండు వేస్తూ "అమ్మా" అని నడుం పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. జారిపడింది లేదు, దెబ్బ తగిలింది లేదు, ఉత్త స్టాండు వేశాడంతే. పెద్దమ్మేమో బామ్ రాసి కాపడం పెట్టింది. మా బావ పుత్తూరు కట్టు కట్టిద్దామంటాడు, వెన్నుపూసకి కట్టెలా కడతారు బావా అంటే నా మీద అలిగాడు. ఎక్స్‌రే తీస్తే ఒక పూస ముందు వైపు నలిగిపోయి ఉంది. దాని పైది ఎప్పుడో నలిగి, ఎవరికీ తెలియకుండానే మానిపోయింది. మనిషి ఎందుకు పొట్టయ్యాడో అప్పుడు అర్థమైంది మాకు.

"మందులేమైనా వాడతారా?" అని డాక్టరుగారు అడిగితే "ఏం లేవండి, ఆయాసానికి అప్పుడప్పుడూ ఒక బిళ్ళ" అన్నాడు. ఆయన చొక్కా జేబులో న్యూస్‌పేపర్ ముక్కలో చుట్టి ఉంది ఆ బిళ్ళ. ప్రెడ్నిసొలోన్, అంటే స్టెరాయిడ్, చాలాకాలం వాడితే ఎముకల్ని గుల్లచేసేది. అప్పుడప్పుడూ అంటే ఏళ్ళ తరబడి రోజూ అన్నమాట! ఆ మిర్చి ఘాటులో బతుకంతా గడిపాడు కాబట్టి ఆయాసం నిజమే, కానీ ఎప్పుడో ఎవరో రాసిన చీటీ చూపిస్తే మందుల షాపువాడు అడక్కుండా ఇస్తూనే ఉన్నాడు, నాకు మండేది అక్కడే. రోజుకి 5 మిల్లీగ్రాములైనా సరే, మూడు నెలలు దాటి వాడితే ఎముకల సంగతి చూసుకోవాల్సిందే. ఇన్‌హేలర్ వాడమంటేనేమో "అలవాటైపోతుంది" అని భయం మనవాళ్ళకి. అందులో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, చాలావరకు ఊపిరితిత్తుల దగ్గరే పనిచేస్తుంది. ఒళ్ళంతా పాకే బిళ్ళకి లేని భయం దానికెందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆడవాళ్ళకి నెలసరి ఆగాక ఎముక తగ్గుతుందని అందరికీ తెలుసు కాబట్టి వాళ్ళనైనా అనుమానిస్తారు. మగవాళ్ళలో చాలాసార్లు వెనకాల ఇంకేదో కారణం ఉంటుంది: స్టెరాయిడ్లు, తాగుడు, సిగరెట్లు, థైరాయిడ్, టెస్టోస్టెరాన్ తగ్గడం, ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ఇచ్చే హార్మోన్ ఇంజెక్షన్లు. మగాడికి ఏమవుతుందిలే అని వదిలేస్తారు గానీ, తుంటి విరిగాక ఏడాదిలోపు పోయేవాళ్ళు మగవాళ్ళలోనే ఎక్కువ.

రాగిజావ తాగితే చాలని చెప్పేవాళ్ళకో దండం. రాగుల్లో కాల్షియం బాగా ఉంటుంది, 100 గ్రాములకి 300 మిల్లీగ్రాముల పైనే, తాగండి, కానీ నలిగిన పూస జావతో లేచి నిలబడదు. స్కాన్‌లో టీ-స్కోర్ (ఆరోగ్యంగా ఉన్న కుర్రవయసువాళ్ళ ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.5 గానీ అంతకంటే కిందకి గానీ వస్తే మందు గురించి డాక్టరుతో గట్టిగా మాట్లాడాలి. పెదనాన్నకి ఎముక తరిగిపోకుండా ఆపే అలెండ్రోనేట్ బిళ్ళ వారానికొకటి ఇచ్చారు. పరగడుపున గ్లాసుడు మంచినీళ్ళతో వేసుకుని అరగంట పడుకోకూడదు, ఏమీ తినకూడదు, కాఫీ కూడా వద్దు. ఆ కాఫీ దగ్గరే ప్రతి ఆదివారం మా ఇంట్లో యుద్ధం.

మీ నాన్నగారు కూడా స్టెరాయిడ్ వాడుతుంటే భయపడి మీ అంతట మీరు ఠక్కున ఆపించకండి, అది ఇంకో ప్రమాదం, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాల్సిందే. స్కాన్‌కి వెళ్ళేటప్పుడు ఆయన జేబులోవీ, దిండు కిందవీ, పేరు తెలియని పొట్లాలతో సహా అన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్ళండి.