టాహో ప్రయాణానికి ముందు: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అక్కయ్యా బావగారూ జూన్‌లో వస్తున్నారనీ, వారిని కాలిఫోర్నియాలో టాహో సరస్సు ఒడ్డున ఉన్న సౌత్ లేక్ టాహో ఊరికి తీసుకువెళ్లాలనుకుంటున్నావనీ, చలికాలంలో స్నేహితులతో స్కీయింగ్‌కు కూడా అక్కడికే వెళ్లే ఆలోచన ఉందనీ రాశావు. చాలా సంతోషం. పన్నెండు నెలలూ ఏదో ఒక ఆట చూపించే ఊరది. అయితే ఏ నెలలో వెళ్లినా ముందుగా లెక్కలోకి తీసుకోవలసింది చలినే. చలికాలంలో అది రోడ్డు మీద కాచుకుని ఉంటుంది, వేసవిలో నీళ్లలో ఉంటుంది.

ముందు వేసవి సంగతి చెబుతాను. టాహో సరస్సు సముద్రమట్టానికి సుమారు 6,225 అడుగుల ఎత్తున ఉంది. లోతు అత్యధికంగా 1,645 అడుగులు. అంత లోతు ఉండటం వల్లనే మంచు కురిసే రోజుల్లో కూడా అది గడ్డకట్టదు, జూన్ ఎండలు చుర్రుమంటున్నా అంత తొందరగా వేడెక్కదు. అడుగున ఉన్న గులకరాళ్లు కనిపించేంత తేటగా ఉన్న ఆ నీటిని చూసి ఎవరికైనా దూకాలనిపిస్తుంది. దూకితే మొదట ఊపిరి ఎగబీలుస్తుంది, ఆ తరువాత కొద్ది నిమిషాలకే చేతులు పట్టు తప్పుతాయి; అక్కడ ఈత వచ్చినవాళ్లు మునిగిపోవడానికి కారణం చాలావరకు ఇదే. గోదావరిలో ఈదినవాణ్ణని బావగారు ఎంత పంతం పట్టినా లైఫ్ జాకెట్ తీయనివ్వకు. కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) అద్దెకు తీసుకుంటే పొద్దున్నే తీసుకుని, ఒడ్డు వెంటే తిరిగి, మధ్యాహ్నపు గాలి లేవకముందే తిరిగి వచ్చేయండి. 2025 జూన్‌లో ఉన్నట్టుండి విరుచుకుపడిన గాలివానకు ఈ సరస్సులోనే ఒక మోటారు పడవ తిరగబడి ఎనిమిది మంది చనిపోయారు.

సరస్సులో ఒక మూలనున్న ఎమరాల్డ్ బే అనే ఖాతం తప్పకుండా చూపించు. ఆ సరస్సు మొత్తానికి ఉన్న ఒకే ఒక్క దీవి ఫానెట్ అక్కడే ఉంది. పైనున్న రోడ్డు పక్క నుంచే దృశ్యమంతా కనిపిస్తుంది గాని, కారు నిలపడానికి చోటు దొరకాలంటే పెందలాడే చేరుకోవాలి. కింద ఉన్న వైకింగ్స్‌హోమ్ భవనానికి సుమారు ఒక మైలు దిగుడు దారి ఉంది. దిగేటప్పుడు హుషారుగానే ఉంటుంది, ఆ ఎత్తులో తిరిగి ఎక్కేటప్పుడే మోకాళ్ల సంగతీ, ఆయాసం సంగతీ తెలుస్తాయి. అందుచేత మొదటి రోజు పెద్దవాళ్లను విశ్రాంతిగా ఉండనిచ్చి, మంచినీళ్లు ఎక్కువగా తాగించు. నీకు కొండ ఎక్కాలని ఉంటే 9,735 అడుగుల మౌంట్ టాలక్ ఉంది. దాని మీద జూన్‌లో ఇంకా మంచు ఉండవచ్చు, ఆ దారి వెళ్లే డెసొలేషన్ వైల్డర్‌నెస్ అనే రక్షిత అడవి ప్రాంతంలోకి ఒక్క పూట నడకకైనా పర్మిట్ ఉండాలి.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వెళ్లదలిస్తే కార్చిచ్చు పొగ సంగతి ముందే కనుక్కో. 2021లో కాల్డోర్ మంటలు ముంచుకొచ్చి ఊరు ఊరంతా ఖాళీ చేయవలసి వచ్చింది. నన్నడిగితే అక్టోబరే మేలు: జనం పలచబడతారు, టేలర్ క్రీక్‌లో ఎర్రటి కొకానీ చేపలు గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతూ కనిపిస్తాయి.

ఇక చలికాలం. స్కీయింగ్ ఎవరైనా నేర్పుతారు. అక్కడికి చేరడమే అసలు విద్య. 50వ నంబరు హైవే 7,382 అడుగుల ఎకో సమ్మిట్ మీదుగా వెళ్తుంది. మంచు పడగానే చెయిన్ కంట్రోల్ బోర్డులు, అంటే మంచులో జారకుండా టైర్లకు గొలుసులు (చెయిన్లు) బిగించాలని చెప్పేవి, పెడతారు. ఆర్-2 అని ఉంటే నాలుగు చక్రాలకూ స్నో టైర్లున్న ఆల్ వీల్ డ్రైవ్ బండ్లను మాత్రమే చెయిన్లు లేకుండా పోనిస్తారు, వాళ్ల దగ్గరైనా చెయిన్లు ఉండి తీరాలి. ఆర్-3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు. కాబట్టి నీ టైరు పక్కన రాసి ఉన్న సైజు చూసి చెయిన్లు కొని, ఇంటి దగ్గర పొడి నేల మీదే ఒకసారి బిగించి, విప్పి చూడు. అక్కడ చీకట్లో, బురద మంచులో మోకాళ్ల మీద కూర్చుని, మొద్దుబారిన వేళ్లతో చక్రం లోపలివైపు కొక్కెం తగిలించాలి. ఒక పాత టార్పాలిన్ ముక్క, నీళ్లు పీల్చని చేతి తొడుగులు, తలకు పెట్టుకునే లైటు డిక్కీలో ఉంచుకో. అద్దె కారైతే చెయిన్లు వేయనిస్తారో లేదో ఒప్పందం చదివి తెలుసుకో, చాలామంది వేయనివ్వరు. పెట్రోలు ట్యాంకు నిండుగా, దుప్పట్లు, తిండి కారులో ఉండాలి. శుక్రవారం సాయంత్రం బయలుదేరడం, ఆదివారం మధ్యాహ్నం తిరుగుముఖం పట్టడం రెండూ వద్దు; ఒక రోజు సెలవు పెట్టడమే చవక.

చివరగా ఎలుగుబంట్ల మాట. అక్కయ్య ఎలాగూ పులిహోర కలిపి తెస్తుంది. ఆ డబ్బా గాని, ఖాళీ చేసిన గిన్నె గాని, ఆఖరికి టూత్‌పేస్టు గాని రాత్రి కారులో వదలకూడదు. అక్కడి ఎలుగుబంట్లకు కారు తలుపు తీయడం బాగానే వచ్చు. బస చేసే చోట ఆహారం దాచే ఇనుప పెట్టె ఉందో లేదో గది బుక్ చేసే ముందే అడుగు.

ఇట్లు,
మామయ్య