గట్టు పార్కు మీటింగుకి వెళ్లే ముందు

చిరంజీవి అమ్మలుకి అమ్మమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి మనసంతా రాజమండ్రి గట్టు మీదే ఉంది. మీ ఇంటి దగ్గరున్న పార్కుని 2027 పుష్కరాల లోపు మార్చేస్తారట, ప్రజల అభిప్రాయం అడగడానికి మీటింగు పెట్టారట, కాలనీ తరఫున నిన్ను మాట్లాడమన్నారట. "నాకు టెన్షన్‌గా ఉంది అమ్మమ్మా, అక్కడ ఏం మాట్లాడాలి?" అన్నావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. తీరిగ్గా రెండుసార్లు చదువుకో.

ముప్పై ఏళ్లు మునిసిపల్ ఆఫీసుల్లో పనిచేశాను కదా, అందులో చాలాకాలం నా పని ఇలాంటి మీటింగుల్లో ఒక మూల కూర్చుని మినిట్స్, అంటే ఎవరేమన్నారో, ఏం నిర్ణయించారో రాయడమే. మైకు ముందు ఎవరు ఎంత గట్టిగా అరిచారో ఆ సాయంత్రానికే అందరూ మర్చిపోతారు. ఫైల్లో ఏం ఎక్కిందో అదే టెండరు దాకా వెళ్తుంది. అందుకని బాగా మాట్లాడాలని దిగులు పెట్టుకోకు. నీ మాట కాగితం మీదికి ఎక్కించుకుని రావాలి, అంతే.

మీటింగుకి ఇంకా పన్నెండు రోజులుంది అన్నావు. రేపే మునిసిపల్ ఆఫీసుకి వెళ్లి ప్లాన్ కాపీ అడుగు. గోడకి కట్టిన రంగుల ఫ్లెక్సీ చూసి వచ్చేయకు. ఆ బొమ్మలో పచ్చటి లాన్, జాగింగ్ చేసే మనుషులు, గొడుగుల కింద కుర్చీలు ఉంటాయి. బట్టలు ఉతికేవాళ్లు ఉండరు, పడవ లాగేవాళ్లు ఉండరు, ముంత మసాలా బండి ఉండదు. నీకు కావలసింది కొలతలున్న డ్రాయింగు, ఎస్టిమేటు, పని పూర్తయ్యాక నిర్వహణ ఎవరిదో చెప్పే కాగితం. నోటితో అడిగితే "సార్ క్యాంపులో ఉన్నారు" అన్న జవాబే వస్తుంది. ఉత్తరం రాసి, ఆఫీసులో ఉత్తరాలు తీసుకునే ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, నీ కాపీ మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకో. ప్రజల మీద ప్రభావం పడే ముఖ్యమైన నిర్ణయాలు ప్రకటించేటప్పుడు వాటికి సంబంధించిన వివరాలన్నీ ఆఫీసే ముందుగా బయటపెట్టాలని 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్‌లో ఉంది. ఆ సంగతి ఉత్తరంలో మర్యాదగా రాయి. అదే చట్టం కింద 10 రూపాయల ఫీజుతో విడిగా ఒక దరఖాస్తు కూడా పెట్టు. జవాబుకి 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి మీటింగు లోపు రాకపోవచ్చు. తర్వాత రోజుల్లో అక్కరకొస్తుంది.

డ్రాయింగు వచ్చేలోపు ఒక పని చెయ్యి. ఒక రోజంతా పార్కులో కూర్చో. నిజంగా రోజంతానే. తెల్లవారుజామున ఐదింటికి వెళ్లి రాత్రి తొమ్మిదింటికి రా, మధ్యలో అన్నం తినేటప్పుడు మీ తమ్ముణ్ణి కూర్చోబెట్టు. ఒక నోటుబుక్కులో గంట గంటకీ ఎవరొస్తున్నారో రాయి. నడకకి వచ్చేవాళ్లు, నదిలో స్నానం చేసి తడి బట్టలతో పైకొచ్చే ఆడవాళ్లు, పిండప్రదానానికి ఊళ్ల నుంచి వచ్చి చెట్టు కింద టిఫిన్ క్యారియర్ విప్పుకునే కుటుంబాలు, రెండింటికి ఆ చెట్టు నీడలోనే చాప పరుచుకుని చదువుకునే పోటీ పరీక్షల పిల్లలు, చీకటి పడ్డాక దొన్నెల్లో దీపాలు అమ్మే ముసలమ్మ. వీళ్లలో ఒక్కరూ పగలు పదకొండింటికి ఏసీ హాల్లో జరిగే మీటింగుకి రారు. వాళ్ల లెక్క నీ నోటుబుక్కులో ఉంటే మాత్రం వాళ్లూ వచ్చినట్టే. ఆదివారం ఒకసారి, మామూలు రోజు ఒకసారి లెక్కపెడితే ఇంకా మంచిది.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను వేరే ఊళ్లో పనిచేస్తున్నప్పుడు అక్కడా ఏటి ఒడ్డున ఒక పార్కు కట్టారు. ఊరి పేరు ఇప్పుడెందుకులే. మీటింగు పనిరోజు పగటిపూట పెట్టారు, ఇరవై మూడు మంది వచ్చారు. పార్కు చుట్టూ గోడ, ఒకే గేటు అనుకున్నారు. ఎవరూ కాదనలేదు. "సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించారు" అని నా చేతులతో నేనే రాశాను. గోడ లేచాక చూస్తే బట్టలు ఉతికే రేవుకి దారి మూసుకుపోయింది. మూటలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు దాదాపు కిలోమీటరు చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లు. ఒకరోజు వాళ్లలో ఒకావిడ ఆఫీసుకొచ్చి నా టేబుల్ ముందు నిలబడి, "మమ్మల్ని ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాళ్లం కదమ్మా" అంది. కోపంగా కూడా అనలేదు. ఆమె చేతివేళ్లు సబ్బు నీళ్లకి తెల్లగా నానిపోయి ఉన్నాయి. ఏడాది తిరక్కుండానే ఆ గోడలో మళ్లీ దారి కొట్టారు, దానికి ఇంకో బిల్లు. ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది అమ్మలూ.

డ్రాయింగు చేతికొచ్చాక దాన్ని పట్టుకుని ఇంట్లో కూర్చోకు. కాగితం మీద "3 మీటర్ల ట్రాక్" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. మేస్త్రీ దగ్గర టేపు, పురికొస తీసుకో, ఒక బస్తా ముగ్గుపిండి కొను. ఆదివారం పొద్దున్నే పార్కులోనే ఆ ప్లాన్‌ని నేల మీద ముగ్గులా గీయండి. ట్రాక్ ఎక్కడికొస్తుంది, ఫుడ్ కోర్టు గోడ ఎక్కడ లేస్తుంది, గేటు ఎక్కడ, అన్నీ. రావిచెట్టు మొదలు గీత లోపల పడితే ఆ చెట్టు పోతుందని చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. చెట్టు కొట్టాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి, తీసుకున్నారా అని అడగొచ్చు. గీతల మీద జనాన్ని నడిపించు, వీల్‌చైర్‌లో ఉండే మన పక్కింటి మాస్టారిని కూడా తీసుకెళ్లు. ర్యాంపు అడుగు ఎత్తు ఎక్కాలంటే కనీసం 12 అడుగుల పొడవుండాలి. నిటారుగా కట్టి ర్యాంపు అని పేరు పెడితే ఆయన దాని మీద ఎక్కలేరు. అక్కడ ఎవరేం అన్నారో వాళ్ల మాటల్లోనే రాసుకో.

ఇక వరద సంగతి. అందరూ లైట్ల గురించి, బోటింగ్ గురించి అడుగుతారు. నువ్వు నీళ్ల గురించి అడుగు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ మూడింటికీ పార్కులో నీళ్లు ఎంతవరకు వస్తాయో డ్రాయింగు మీద మూడు గీతలు గీసి చూపించమను. ఇంజనీర్లకి అది కష్టమైన పనేమీ కాదు. అంతకుముందే పడవ వాళ్లని అడిగి నువ్వూ ఒక లెక్క తెచ్చుకో, ఏ హెచ్చరికకి ఏ మెట్టు మునుగుతుందో వాళ్లు కళ్లు మూసుకుని చెబుతారు. 2022 జులైలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది, అది నువ్వూ చూశావు. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షలు వచ్చింది. అప్పుడు మీ అమ్మ చిన్నపిల్ల, మీ తాతయ్య రాత్రంతా గట్టు మీదే ఉన్నారు. తెల్లారి ఇంటికొచ్చి మంచినీళ్లు తాగి, ఒక్క మాట మాట్లాడకుండా పడుకున్నారు.

నీళ్లు వచ్చి పోవడంతో అయిపోదు. పోయేటప్పుడు జానెడు ఒండ్రు వదిలి పోతాయి. ఆ బురద మెత్తగా ఉన్నప్పుడే తీయాలి, ఎండితే పలుగు పట్టాల్సిందే. దాన్ని తీయడానికి డబ్బు ఎక్కడిది, మనుషులు ఎక్కడివారు, కరెంటు బాక్సులు ఎంత ఎత్తులో పెడుతున్నారు, లాన్ పోతే మళ్లీ ఎవరు వేస్తారు? నది వైపు కింది భాగంలో రాతి మెట్లు, చెట్లు, కూర్చోవడానికి అరుగులు ఉంటే చాలని నా అభిప్రాయం. అద్దాల గదులు, ఖరీదైన టైల్సు గట్టుకి ఇవతల పెట్టుకోమను. ప్రారంభోత్సవం రోజు ఏ పార్కయినా అందంగానే ఉంటుంది. మూడో ఏడు వానాకాలం తర్వాత టాయిలెట్లో నీళ్లు వస్తున్నాయా, లోపల గడియ పనిచేస్తోందా అన్నదే చూడాలి. ఆడవాళ్ల టాయిలెట్ గురించి ఉత్తరంలో రాయడానికి సిగ్గుపడకు. నా సర్వీసులో దాని గురించి ఎవరూ అడక్కపోవడం వల్లే అది ఎప్పుడూ ఎస్టిమేటులో ఆఖరి లైనులో ఉండేది, డబ్బు తగ్గినప్పుడు ముందు అదే ఎగిరిపోయేది.

దారుల సంగతి కూడా అడిగి తీరాలి. 2015 జులై 14న, పుష్కరాల మొదటి రోజు పొద్దున, పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మందికి పైగా చనిపోయారు. మన ఊరికి అది మానని గాయం. పండగ రోజు జనం వస్తే లోపలికి ఎన్ని దారులు, బయటికి ఎన్ని, అంబులెన్స్ ఎటు నుంచి వస్తుంది, వీటికి డ్రాయింగు మీద వేలుపెట్టి జవాబు చూపించమను. అందం కోసం దారి ఇరుకు చేస్తామంటే అక్కడ మాత్రం తగ్గకు.

బండ్ల వాళ్లని తీసేస్తారని అంటున్నారు కదా. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే చేసి సర్టిఫికెట్లు ఇవ్వాలి, అది పూర్తయ్యేదాకా ఎవరినీ తీసేయకూడదు. వీధి వ్యాపారుల విషయాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. ఆ కమిటీకి ఈ ప్లాన్ చూపించారా అని ఒక్క ప్రశ్న అడుగు చాలు. అహ్మదాబాద్‌లో సబర్మతి ఒడ్డున ఏళ్ల తరబడి సాగిన ఆదివారం సంత ఉంది, గుజరీ బజార్ అంటారు. రివర్‌ఫ్రంట్ కట్టేటప్పుడు అక్కడి వ్యాపారులు సంఘంగా నిలబడ్డారు, కోర్టుదాకా వెళ్లారు, చివరికి 2014లో ఆ రివర్‌ఫ్రంట్ మీదే వాళ్లకి చోటు దక్కింది. కలిసి నిలబడ్డారు కాబట్టి దక్కింది.

ఇది చెబుతుంటే ఇంకో విషయం గుర్తొచ్చింది. మీ కాలనీలోనే కొందరు "టికెట్ పెడితే పార్కు శుభ్రంగా ఉంటుంది, అల్లరి మూక రాదు" అంటున్నారని చెప్పావు. వాళ్లతో మీటింగులో పోట్లాడొద్దు. ముందే ఒక సాయంత్రం ఇంటికి పిలిచి టీ ఇచ్చి మాట్లాడు. వాళ్ల భయం నిజమే. చీకట్లో తాగి కూర్చునేవాళ్లని నేనూ చూశాను. దానికి లైట్లు కావాలి, రాత్రి కాపలా కావాలి. టికెట్ పెడితే ఆ తాగేవాళ్లు గోడ దూకి వస్తారు, దీపాలమ్మే ముసలమ్మ, చాప పరుచుకునే పిల్లలు మాత్రం ఆగిపోతారు. గోదావరి చూడటానికి డబ్బు అడగడం నాకు ఏ మాత్రం నచ్చదు. ఆ మాట నా పేరు చెప్పి చెప్పినా ఫరవాలేదు. ఒప్పుకున్న విషయాల వరకే కాలనీ తరఫున రాయండి, ఒప్పుకోని దాన్ని "దీనిపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి" అని నిజాయితీగా రాయండి. అలాంటి ఉత్తరానికి ఆఫీసులో విలువ ఎక్కువ, నా అనుభవంతో చెబుతున్నాను.

మీటింగు టైము మార్చమని కూడా ఇప్పుడే అడుగు. ఆదివారం సాయంత్రం, పార్కులోనే, షామియానా కింద పెట్టమను. ఒప్పుకోకపోతే రెండో మీటింగు పార్కులో పెట్టమని అడుగు.

ఆ రోజు మాత్రం ఇలా చెయ్యి. పావుగంట ముందు వెళ్లి హాజరు పుస్తకంలో పేరుతోపాటు వార్డు నంబరు కూడా రాయి. ముందు పడవ వాళ్ల పెద్దని మాట్లాడనివ్వు. ఆయన తడబడితే పక్కన నిలబడు, ఆయన మాట నువ్వు అందుకోకు. నీ వంతు వచ్చినప్పుడు మూడే విషయాలు చెప్పు: నీళ్లు, దారులు, బండ్ల వాళ్లు. ఒక్కోదానికి ఒక్కో నిమిషం. మిగతావన్నీ ఉత్తరంలో ఉంటాయి. ఆఫీసర్ని "మీరు" అనే పిలువు, ఆయన కసురుకున్నా సరే. వాళ్లలోనూ మంచి మనసున్న ఇంజనీర్లు ఉంటారు, పైనుంచి ఒత్తిడితో నోరు మెదపలేరు. నువ్వు అడిగిన ప్రశ్న వాళ్లకి ఒక్కోసారి ఊపిరి పోస్తుంది. అలాంటి ఇంజనీరు ఒకాయన మీటింగయ్యాక మెట్ల మీద ఆగి, "ఆ ప్రశ్న అడిగినందుకు థాంక్స్ అమ్మా" అని ఒక ముసలాయన భార్యతో అనడం నేను విన్నాను.

అందరూ లేచి కాఫీల వైపు నడుస్తుంటారు చూడు, ముఖ్యమైన పని అప్పుడే. మూల కూర్చుని రాస్తున్న మనిషి దగ్గరికి వెళ్లు. "అండీ, మేం చెప్పింది ఎలా రాశారో ఒకసారి చదువుతారా" అని అడుగు. తప్పుంటే అక్కడికక్కడే దిద్దించు. నీ ఉత్తరం రెండు కాపీలు ఇచ్చి, మినిట్స్‌కి జత చేయమని చెప్పి, ఒకదాని మీద సంతకం తీసుకో. నన్ను ముప్పై ఏళ్లలో అలా అడిగినవాళ్లు నలుగురైదుగురు ఉంటారేమో. వాళ్లు చెప్పిందొక్కటీ నేను వదిలిపెట్టలేదు.

పదిహేను రోజులాగి మినిట్స్ కాపీ అడుగు. ఒప్పుకున్నవేంటి, కాదన్నవేంటి, ఎందుకు కాదన్నారు, రాతపూర్వకంగా చెప్పమను.

నా పాత మినిట్స్ నమూనా ఒకటి ట్రంకు పెట్టెలో దొరికింది, రేపు మీ మావయ్య వస్తున్నాడు, అతని చేత పంపిస్తున్నాను. రెండు పొడుగు నోటుబుక్కులు, అప్పడాలు కూడా సంచిలో ఉన్నాయి. ఆదివారం ముగ్గు వేసేటప్పుడు వీడియో కాల్ చెయ్యి. ఆ రావిచెట్టు గీతకి ఇవతల ఉందో అవతల ఉందో నేనూ చూడాలి.

ఇట్లు
మీ అమ్మమ్మ