ఫోన్లో ‘సరేనమ్మా’ అనే షుగర్ పేషెంట్‌కి గోల్ ఎలా పెట్టాలి?

గోల్ మీరే పెట్టేశారు, చిక్కు అక్కడే. విజయవాడ నుంచి మీరు సలహాలు చెప్పడానికి ఫోన్ చేస్తే గుంటూరు పెద్దాయన అన్నిటికీ ‘సరేనమ్మా’ అంటారు, హెచ్‌బీఏ1సీ (రక్తంలో షుగర్ సగటు చెప్పే టెస్ట్) మాత్రం 9 శాతం దగ్గరే ఉందని అడిగారు కదా. 7కి తేవాలన్నది మీ ఫైల్లోని కోరిక, ఆయనది కాదు.

1. ముందు ఇది అడగండి: "షుగర్ వల్ల ఏ పని చేయలేకపోతున్నారు బాబాయ్ గారూ?" అందరూ వదిలేసేది ఈ ప్రశ్నే. అడిగాక ఆగండి, మధ్యలో మాట అందించొద్దు. నా పేషెంట్ ఒకావిడ చాలాసేపు ఊరుకుని, "మనవణ్ణి బడి దాకా నడిపించాలమ్మా" అంది. అదే గోల్‌గా రాశాను.

2. దానికి ఒక్క చిన్న మార్పు కలపండి: రెండు వారాలు, రాత్రి భోజనం తర్వాత పది నిమిషాల నడక.

3. ఆయన ఒప్పుకుంటే వంట చేసే కోడలినీ లైన్లోకి తీసుకోండి.

4. హెచ్‌బీఏ1సీ సుమారు 3 నెలల సగటు. నెలకే చూసి టెన్షన్ పడొద్దు. వయసు, ఇతర జబ్బులు బట్టి 8 లోపు చాలంటారేమో డాక్టర్‌నే అడగండి.