యార్డు నుంచి మొదలుపెట్టమ్మా

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజీ చదివాను. మున్సిపల్ కమిషనరుగా చేరీ చేరగానే స్వచ్ఛ సర్వేక్షణ్, అదే కేంద్రం ఊళ్లకు పెట్టే శుభ్రత పోటీ, నెత్తిన పడిందనీ, కౌన్సిల్లో అందరూ ఈసారి ర్యాంకు రావాల్సిందేనంటున్నారనీ, మెయిన్ రోడ్డు గోడలకు బొమ్మలు వేయించే ఎస్టిమేటు నీ టేబుల్ మీదే ఉందనీ రాశావు. ఆ ఫైలు మీద ఇప్పుడే సంతకం పెట్టకు. బొమ్మలు ఎప్పుడైనా వేయించుకోవచ్చు.

ఈ పోటీలో రోడ్డు ఊడ్చినందుకు వచ్చే మార్కులు కొన్నే. ఇంటి దగ్గర తడి, పొడి విడిగా తీసుకుంటున్నామా, తీసుకున్నది ఏమవుతోంది, ఊరి చెత్తంతా చేరే యార్డులో పాత గుట్ట తరుగుతోందా, జనం ఏమంటున్నారు, చెత్త లేని ఊరికిచ్చే గార్బేజ్ ఫ్రీ స్టార్లు, బహిరంగ మలవిసర్జన లేకుండా మురుగును కూడా శుద్ధి చేసే ఊరికిచ్చే ఓడీఎఫ్ ప్లస్ ప్లస్ లాంటి సర్టిఫికెట్లు ఉన్నాయా, లెక్కంతా వీటి మీదే నడుస్తుంది. మన వాళ్లు మాత్రం తనిఖీ బృందం వస్తోందని ఉప్పందగానే బస్టాండు నుంచి ఆఫీసు దాకా బ్లీచింగు, సున్నం గీతలు కొట్టిస్తారు. వచ్చేవాళ్లకు ఏ పాయింటుకు వెళ్లాలో ఫోన్లో ముందే ఉంటుంది. అది నీ బస్టాండు కానక్కర్లేదు.

అందుకే రేపు పొద్దున ఎవరికీ చెప్పకుండా ఏదో ఒక వార్డులో చెత్త ఆటో వెనకాలే వెళ్లు. ఒక్క ఇంటి చెత్తను యార్డు దాకా వదలకుండా చూడు. ఆవిడ రెండు బకెట్లూ విడిగానే ఇచ్చిందనుకో. ఆటోలో ఒక అర నిండగానే మనవాడు రెండో దాంట్లో కలిపేస్తాడు. అక్కడ కలపకపోతే చెత్తను నొక్కి తీసుకెళ్లే కాంపాక్టర్ బండి దగ్గర కలిసిపోతుంది. ఆ సంగతి కంటపడ్డ ఇల్లాలు మర్నాటి నుంచి ఒకే బకెట్ పెడుతుంది. ఆమెకు అవగాహన సదస్సు పెట్టి ఏం లాభం? ముందు యార్డులో తడికీ పొడికీ వేరే చోట్లు చూపించు, తర్వాత ఆటోలో అరలు సరిచెయ్యి, ఆ తర్వాతే గడపకు వెళ్లు.

ఆ బకెట్లోకి కూడా ఒకసారి తొంగి చూడు. కూరగాయల తొక్కుల్లో పాలప్యాకెట్ కత్తిరించిన మూల ముక్క, న్యూస్‌పేపర్లో చుట్టిన డైపరు, రబ్బరు బ్యాండు విప్పకుండానే పారేసిన సాంబారు పొట్లం కనిపిస్తాయి. ఆ పొట్లం విప్పి, సాంబారు ఒక దాంట్లో, కవరు ఒక దాంట్లో వేసే ఓపిక ఎవరికీ ఉండదు. పోరాడాల్సింది ఇంటావిడతో కాదు, టిఫిన్ సెంటర్లతో. గిన్నె తెచ్చుకున్నవాళ్లకు రెండు రూపాయలు తగ్గించేలా వాళ్లను ఒప్పించు. డైపర్లూ ప్యాడ్లూ మాత్రం మూడో డబ్బాలోకి పోవాలి, ఆ డబ్బా ప్రతి ఆటోకూ ఉండాలి.

మీ చైర్మన్ గారు ఇండోర్ టూరు అంటున్నారన్నావు. 2016లో 73 నగరాలతో మొదటిసారి పోటీ పెట్టినప్పుడు ఇండోర్‌ది 25వ స్థానం, మైసూరుది మొదటిది. మరుసటేడు ఇండోర్ మొదటికొచ్చి కూర్చుంది, ఇక దిగలేదు. వీధికుండీలు ఎత్తేసి ఇంటింటికీ బండి పంపడం అక్కడ అసలు మలుపు. కాకపోతే అంత డబ్బు, అన్ని బళ్లు నీ ఊరికి రావు. వెళ్లాలనుకుంటే ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్ వెళ్లండి. స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు ఇంటింటా చెత్త తీసుకుని, షెడ్డులో కూర్చుని రకరకాలుగా ఏరి, పొడిచెత్త అమ్ముతారు. 2019లో ఆ చిన్న ఊరు దేశంలో రెండో స్థానం తెచ్చుకుంది. మన విజయవాడ కూడా 2020లో నాలుగు, 2021లో మూడు తెచ్చుకుంది కదా, అక్కడి వాళ్లతో ఫోన్లో మాట్లాడినా సగం సందేహాలు తీరతాయి.

కుండీ ఎత్తేసిన మూలల సంగతి. జనం పదేపదే చెత్త పడేసే చోట్లు, జీవీపీ పాయింట్లని రికార్డుల్లో రాస్తారే, అవే. అక్కడ చెత్త వేయకుండా దేవుడి పటాలు అతికించడం నాకు సుతరామూ నచ్చదు. పటం కింద వేయడం మానేసి పక్క గోడ దగ్గర వేస్తారు, అంతే. రాత్రి పదింటప్పుడు అక్కడ నిలబడి ఎవరొస్తున్నారో చూడు. ఆటో వచ్చే వేళకు ఇంట్లో ఉండనివాళ్లే ఎక్కువ. పొద్దున్నే షిఫ్టుకు పోయేవాళ్లు, రూముల్లో ఉండే కుర్రాళ్లు. సాయంత్రం ఒక ట్రిప్పు వేస్తే ఆ మూల దానంతటదే ఖాళీ అవుతుంది. బజారు వీధి కూడా అంతే. మనం తెల్లారగట్ల ఊడిస్తే, షాపువాడు పదింటికి షట్టరెత్తి తన దుమ్మంతా రోడ్డు మీదకు తోస్తాడు. అక్కడ రాత్రి స్వీపింగు పెట్టు.

1994లో సూరత్‌లో ప్లేగు వచ్చింది. ఆ తర్వాత ఆ నగరాన్ని శుభ్రం చేసిన కమిషనర్ ఎస్.ఆర్.రావు అధికారులను ఏసీ గదుల్లోంచి లేపి రోజూ వీధుల్లోకి పంపారు. ఆ పాటి పని మనమూ చేయొచ్చు. తెల్లవారుజామున పనివాళ్ల హాజరు వేసే మస్టర్ దగ్గర నువ్వు కనబడితే మేస్త్రీ రాసే హాజరు దానంతటదే నిజమవుతుంది. పనివాళ్లు గ్లవుజులు తొడగరని ఇన్‌స్పెక్టరు ఫిర్యాదు చేస్తాడు. ఒకసారి ఆ గ్లవుజు నువ్వే తొడిగి చూడు. మగవాళ్ల సైజుకు కొన్నది ఆడవాళ్ల చేతికి జారిపోతుంటే చీపురెలా పట్టుకుంటారు? సామాను కొనే ఇండెంటులో సైజులు రాయించు. ఔట్‌సోర్సింగు వాళ్ల పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లు చూడకుండా ఏజెన్సీ బిల్లు పాస్ చేయకు. రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. ఎంత పెద్దవాళ్లు ఫోన్ చేసినా మిషనే పంపు.

రికార్డుల విషయంలో ఒక్కటే చెబుతాను. చెత్త బళ్లను తూచే వేబ్రిడ్జి స్లిప్పులో ఉన్న బరువే లాగ్‌బుక్కులో ఉండాలి. లేనిది ఉన్నట్టు అప్‌లోడ్ చేస్తే, వచ్చి చూసిన రోజున ఉన్న మార్కులకూ కోత పడుతుంది. జనం అభిప్రాయాల కోసం సిబ్బంది ఫోన్లన్నీ పోగేసి ఓట్లు గుద్దించే తెలివి ఎవరో ఒకరు చెబుతారు, వినకు.

అవార్డు వస్తే వేదిక మీదకు మీ చైర్మన్ గారు ఎటూ వెళ్తారు. రెండో సీటు ఒక పారిశుద్ధ్య కార్మికురాలికని ఇప్పుడే కౌన్సిల్లో తీర్మానం చేయించు, అప్పటికప్పుడు అడిగితే ఖాళీ ఉండదు.

రాత్రి స్వీపింగుకు మనుషులను సర్దిన పాత డ్యూటీ చార్టు నా బీరువాలో ఉంది. ఫొటో తీసి పంపుతున్నాను, వీధుల పేర్లు మార్చుకో.

మీ పెదనాన్న